ఒక్క డిష్, వెయ్యి గదులు

ఏడవ తరగతి చదివే ఒక చిరంజీవి ఈ నెల ఇలా ఉత్తరం వ్రాశాడు:

"మాస్టారూ! మా యింట్లో కేబుల్ తీయించేద్దామని నాన్నగారు అంటున్నారు. నెలనెలా డబ్బు కట్టి మేము చూచేది రెండు మూడు ఛానళ్ళే. బజారులో ఒక నల్లపెట్టె అమ్ముతున్నారు. దాన్ని టీవీకి తగిలిస్తే అన్ని ఛానళ్ళూ, కొత్త సినిమాలూ జన్మంతా ఊరికే వస్తాయట. అందులో ఉన్నది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరేననీ, అది ఎవరైనా ఊరికే వాడుకోవచ్చుననీ దుకాణదారు చెప్పాడు. నిజమేనా? కొనమని నాన్నగారికి చెప్పమంటారా?"

బాబూ, దుకాణదారు చెప్పినదానిలో ఒక నిజమూ ఒక అబద్ధమూ పాలూ నీళ్ళూ కలిసినట్టు కలిసిపోయి ఉన్నవి. వాటిని విడదీయాలంటే మనం పారిస్ దాకా వెళ్ళి రావాలి. టికెట్టు అక్కరలేదు, రండి.

పారిస్ నగరానికి దక్షిణాన షాతెనే-మలబ్రీ అనే ఊళ్ళో ఎకోల్ సెంత్రాల్ అనే పెద్ద ఇంజనీరింగు కళాశాల ఉండేది. విద్యార్థులు అక్కడే హాస్టలు గదుల్లో ఉండేవారు. గదుల్లోని కంప్యూటర్లన్నిటినీ కలుపుతూ ఒక తీగల వల ఉండేది. దాన్ని నడిపేది కళాశాలవారు కాదు, విద్యార్థుల సంఘమే. అది 'టోకెన్ రింగ్' అనే పాత పద్ధతి వల. బ్యాంకులో టోకెను చేతికి వచ్చినవాడే కౌంటరు దగ్గరికి వెళ్ళినట్టు, ఆ వలలో టోకెను అందిన కంప్యూటరు మాత్రమే మాట్లాడాలి. తక్కినవన్నీ తమ వంతు కోసం కాచుకోవాలి. కంప్యూటర్లు పెరిగిన కొద్దీ ఆ కాచుకోవటం కూడా పెరిగింది.

విద్యార్థులకు వేగమైన వల కావలసి వచ్చింది. ఎందుకో తెలుసా? చదువు కోసమని అంటే మీ అమ్మానాన్నలు సంతోషిస్తారు గాని, నిజం అది కాదు. ఒకరితో ఒకరు కంప్యూటరు ఆటలు ఆడుకోవటానికి! కొత్త వల వేయించమని వారు కళాశాలవారిని అడిగారు. "మీ వల సంగతి మీరే చూచుకోండి, డబ్బిచ్చేవారిని మీరే వెతుక్కోండి" అని జవాబు వచ్చింది. నేను చాలా ఏళ్ళు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవాణ్ణి గనక, ఆ జవాబిచ్చిన పెద్దమనుషులను తప్పు పట్టను. నేనైనా అంతకంటె మెత్తగా చెప్పి ఉండను.

పిల్లలు నిరుత్సాహపడలేదు. వెతగ్గా వెతగ్గా వారికి ఒక ఆలోచన అందింది. ఆ రోజుల్లో ఉపగ్రహాల ద్వారా టెలివిజన్ ప్రసారాలు పెరుగుతున్నవి. ప్రతి గదికీ ఒక డిష్షూ, దానికొక పెట్టే కొనాలంటే వెయ్యికి పైగా డిష్షులు కావాలి. అలా కాక కళాశాల మొత్తానికి ఒక్క డిష్ పెట్టి, దానికి అందిన బొమ్మలను తీగల వల గుండా గదిగదికీ పంపితే? అంత పని చెయ్యాలంటే పాత వల చాలదు. కొత్తది వెయ్యక తప్పదు! ఈ విధంగా 1996లో ఆ పని మొదలైంది. ఆటల కోసం పుట్టిన కోరిక టెలివిజన్ దారిన నెరవేరింది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ చిక్కు ఎంత పెద్దదో లెక్క వేస్తే గాని తెలియదు. పలకా బలపం తీసుకోండి.

ఆ నాటి టెలివిజన్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉండేవి. గుణిస్తే 4,14,720 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పటానికి 3 బైట్లు, అనగా 24 బిట్లు కావాలనుకోండి. బిట్ అంటే 'ఉన్నది' లేక 'లేదు' అని చెప్పే ఒక్క గుర్తు. బొమ్మ కదిలినట్టు కనబడాలంటే సెకనుకు 25 బొమ్మలు చూపాలి. అన్నీ గుణించి చూడండి: సెకనుకు 24,88,32,000 బిట్లు! టోకెన్ రింగ్ వలలో మంచిరకం కూడా సెకనుకు 1 కోటి 60 లక్షల బిట్లకంటె మోయలేదు. అది కూడా అందరూ కలిసి పంచుకోవాలి. ఏనుగును ఎలుక కన్నంలో నుంచి పంపమన్నట్టు ఉన్నది కాదూ?

అయితే ఏనుగును మడత పెట్టే ఉపాయం ఒకటి అప్పటికే ఉన్నది. వార్తలు చదివే ఆమెను చూడండి. ఆమె వెనక తెర కదలదు. బల్ల కదలదు. కదిలేవి పెదవులూ కళ్ళూ, అప్పుడప్పుడు తలా. అటువంటప్పుడు సెకనుకు 25 సార్లు ఆ తెరనూ బల్లనూ మళ్ళీ మళ్ళీ పంపటం దేనికి? ఒక బొమ్మ పూర్తిగా పంపి, ఆ తరవాత "ఇక్కడ ఇంత మారింది, తక్కినదంతా వెనకటిదే" అని చెబితే చాలదూ? మళ్ళీ కొంతసేపటికి ఒక పూర్తి బొమ్మ, తిరిగి మార్పులు. కంటికి తేడా తెలియని సూక్ష్మాలను కూడా వదిలేస్తారు. ఉపగ్రహ ప్రసారాలకు వాడిన ఎంపెగ్-2 అనే పద్ధతిలో ముఖ్యమైన కిటుకు ఇదే. దీనితో 25 కోట్ల బిట్లు సుమారు 50 లక్షలకు దిగివస్తవి. అంటే యాభయ్యో వంతు!

పంపేటప్పుడు మడత పెట్టినదాన్ని అందుకున్నచోట విప్పాలి గదా. ఆ విప్పే పని గదిలోని కంప్యూటరు చెయ్యాలి. అప్పటి కంప్యూటర్లకు అది తలకు మించిన పని. అందుచేత విద్యార్థులు ఎంతో పొదుపుగా, ఒక్క అడుగు కూడా వృథా పోకుండా ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చింది.

రెండవ చిక్కు పంచటంలో ఉన్నది. వంద గదుల్లో వంద మంది ఒకే ఫుట్‌బాల్ ఆట చూస్తున్నారనుకోండి. వంద మందికీ వేరువేరుగా పంపితే వందసార్లు 50 లక్షలు, వల తెగిపోతుంది. తరగతిలో నలభై మందికి డిక్టేషను చెప్పేటప్పుడు మాస్టారు ఒక్కొక్కరి చెవిలోనూ విడివిడిగా చెప్తారా? ఒక్కసారి పైకి చెప్తారు, కావలసినవాళ్ళందరూ వ్రాసుకుంటారు. వలలో కూడా అట్లా పంపే పద్ధతి ఉన్నది. దాన్ని మల్టీకాస్ట్ అంటారు. పంట కాలువలో నీరు ఒకే ధారగా వచ్చి, చీలికల దగ్గర మాత్రమే రెండుగా మూడుగా విడిపోయినట్టు, బొమ్మల ధార కూడా దారి చీలేచోట మాత్రమే రెండవుతుంది. ఎవరూ చూడని వైపు అసలు పోదు.

మూడవది కూడా చెప్పి ముందుకు పోదాం. వలలో బిట్లు ఒక్కసారిగా గుంపుగా వస్తవి, ఒక్కోసారి ఆగి ఆగి వస్తవి. బొమ్మ మాత్రం నదురూ బెదురూ లేకుండా సాగాలి. మీ ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉన్నది గదా! మునిసిపాలిటీవారు రెండు రోజులకు ఒకసారి నీరు వదిలినా, మీ కుళాయి ఎప్పుడు తిప్పితే అప్పుడు ఒకే తీరుగా వస్తుంది. కంప్యూటరు కూడా కొన్ని క్షణాలకు సరిపడ బొమ్మలు ముందుగా నింపుకుని, వాటిలో నుంచి తీసి చూపిస్తూ ఉంటుంది. దానికే బఫర్ అని పేరు. తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు వచ్చి బొమ్మ ఆగిపోయిందంటే మీ ట్యాంకు ఖాళీ అయిందన్నమాట.

మొదటిసారి వ్రాసిన ప్రోగ్రాము పక్కన పెట్టి, విద్యార్థులు 1998లో మళ్ళీ మొదటినుంచి వ్రాయసాగారు. దానికి వీడియోలాన్ అని పేరు పెట్టారు. అందులో పంచే ప్రోగ్రాము ఒకటి, గదిలో కూర్చుని అందుకునే ప్రోగ్రాము మరొకటి. ఈ అందుకునేదాని పేరే వీడియోలాన్ క్లయింట్, పొట్టిగా వీఎల్‌సీ. నారింజరంగు మీద తెల్లచారలు గల కోను గుర్తు మీలో చాలామంది చూచే ఉంటారు. రోడ్డు మరమ్మతు చేసేచోట పెట్టే కోను అది. ఆ విద్యార్థుల సంఘంవారు అటువంటి కోనులను పోగుచేసి పెట్టుకున్నారు. ఎక్కడ నుంచి పోగుచేశారని నన్ను అడగకండి! క్రిస్మస్ రోజుల్లో ఆ గుర్తు నెత్తిన ఎర్రటోపీ కూడా పెట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. 2001 ఫిబ్రవరి 1న, కళాశాలవారి అనుమతి సంపాదించి, విద్యార్థులు ఆ ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ను లోకానికంతటికీ ఇచ్చేశారు. సోర్స్ కోడ్ అంటే ఏమిటి? మీరు లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే వ్రాసి లెక్క చేసిన తీరు చూపకపోతే మాస్టారు మార్కులివ్వరు. దుకాణంలో కొనే చాలా సాఫ్ట్‌వేరు అట్లా జవాబు మాత్రమే ఉన్న కాగితం. లోపల ఏం జరిగిందో మనకు కనబడదు. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో లెక్క అంతా, మెట్టు మెట్టుగా, అందరికీ కనబడుతుంది. తప్పుంటే దిద్దవచ్చును. చేతనైతే ఇంకా బాగు చెయ్యవచ్చును. వారు ఎన్నుకున్న షరతుపత్రం పేరు జీపీఎల్. 1989లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన తయారుచేసినది. దాని ముఖ్యమైన షరతు ఇది: నువ్వు దీన్ని మార్చి ఇతరులకు ఇస్తే, నీ లెక్క తీరు కూడా వారికి చూపాలి.

దానితో ఆ కళాశాల ముఖం ఎరగని ప్రోగ్రాము రచయితలు కూడా తలా ఒక చెయ్యి వేశారు. కొందరు కొత్త రకం వీడియోలు ఆడేట్టు చేశారు. కొందరు పట్టీల మీది మాటలను తమ తమ భాషల్లోకి మార్చారు. వాటిలో మన తెలుగు కూడా ఉన్నది. 2009 నాటికి వీడియోలాన్ కళాశాల నుంచి విడివడి, లాభం ఆశించని స్వతంత్ర సంఘమైంది. 2025 జనవరిలో, వీఎల్‌సీని జనం 600 కోట్లసార్లకు పైగా దించుకున్నారని ఆ సంఘంవారు ప్రకటించారు. ప్రోగ్రాములో వ్యాపార ప్రకటనలు చేర్చితే కోట్లకొద్దీ సొమ్ము ఇస్తామని వచ్చినవారిని, సంఘాన్ని నడిపే జాన్-బాప్తిస్త్ కెంప్ అనే ఆయన ఒప్పుకోక పంపివేశాడు. ఆయన 2003లో అదే కళాశాలలో విద్యార్థిగా ఈ పనిలో చేరినవాడు.

అన్నిటికంటె నాకు నచ్చిన సంగతి మరొకటి ఉన్నది. 2011, 2012 సంవత్సరాల్లో వీఎల్‌సీ షరతుపత్రాన్ని కొంచెం సడలించాలని వారికి తోచింది. ఇతర ప్రోగ్రాములు దీన్ని తేలికగా ఉపయోగించుకోగలగాలని వారి ఉద్దేశం. ఇది ఊరికే ఇచ్చిన ప్రోగ్రామే గదా, మార్చుకుంటే అడిగేదెవరు? అయినా వారు అట్లా అనుకోలేదు. ఎవరు వ్రాసిన ముక్క వారిదే! కొన్నేళ్ళుగా వ్రాసిన వందలాది మందిని పేరు పేరునా వెతికి, ఒక్కొక్కరినీ అనుమతి అడిగారు. అనుమతి రాని భాగాలు పాత షరతు కిందనే ఉండిపోయినవి. ఊరికే పంచిపెట్టేవారికి కూడా ఇతరుల వ్రాత మీద అంత గౌరవం!

బాబూ, ఇది గుర్తుంచుకుని ఇక నీ నల్లపెట్టె దగ్గరికి రా.

అటువంటి పెట్టెల్లో తరచు పెట్టే ప్రోగ్రాము కోడి. అది కోడిపుంజు కాదు సుమా! దాని పుట్టుక కూడా ఆటలతోనే. మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రంలో పాటలూ సినిమాలూ ఆడించాలని కొందరు ఔత్సాహికులు 2002లో మొదలుపెట్టినది ముదిరి ఎక్స్‌బీఎంసీ అయింది. 2014లో దాని పేరు కోడి అని మార్చారు. అది కూడా ఓపెన్ సోర్సే. ఇంతవరకు దుకాణదారు నిజమే చెప్పాడు.

అయితే కోడి ఒట్టి పాత్ర. దాన్ని తయారుచేసేవారు అందులో ఒక్క సినిమా కూడా, ఒక్క ఛానలు కూడా పెట్టి ఇవ్వరు. నీ దగ్గర ఉన్నదాన్ని చక్కగా అమర్చి చూపటమే దాని పని. కొందరు వ్యాపారులు ఆ పాత్ర తెచ్చి, దొంగతనంగా సినిమాలు పంచే చోట్లకు దారితీసే చిన్న చిన్న ప్రోగ్రాములు అందులో దూర్చి, "జన్మంతా ఉచితం" అని అమ్ముతారు. పాత్ర ఉచితమైనంత మాత్రాన పక్కింటి పాలు ఉచితమవుతాయా? ఒక సినిమా వెనుక లైటు పట్టుకున్న కుర్రవాడు మొదలు వందల మంది కూలి ఉంటుంది. అనుమతి లేకుండా ఒక్క షరతు కూడా మార్చని మనుషుల పనిని అడ్డం పెట్టుకుని, అనుమతి లేని సినిమాలు అమ్మటం నాకు ఎంతో అన్యాయంగా తోస్తుంది. కోడి తయారుచేసేవారు కూడా ఈ పెట్టెలకూ తమకూ సంబంధం లేదని గట్టిగా చెబుతూ వచ్చారు.

నెదర్లాండ్స్‌లో ఇటువంటి పెట్టెలమ్మిన ఒకాయన వ్యవహారం యూరోపు న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2017 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది: అట్లా నింపిన పెట్టెను తెలిసి అమ్మటం గ్రంథకర్తల హక్కుకు భంగమే, అందులో చూచేవాడు కూడా "నేను కాపీ దాచుకోలేదుగా" అని తప్పించుకోలేడు. మన దేశంలో ఇటువంటి హక్కులను కాపాడేది 1957 నాటి కాపీరైటు చట్టం.

ధర్మం మాట అట్లా ఉంచినా, భయం మాట ఒకటి ఉన్నది. ఆ పెట్టెలో ఎవరు ఏం దూర్చారో కనబడదు. అది మీ ఇంటి ఇంటర్నెట్‌కు కట్టుకుని రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ఇదే విషయం హెచ్చరించింది. చవకరకం టీవీ పెట్టెలు కొన్నిటిలో దొంగ ప్రోగ్రాములు ముందుగానే దాగి ఉండి, ఇంటివారికి తెలియకుండా వారి ఇంటర్నెట్‌ను నేరస్థులకు అప్పగిస్తున్నాయట.

కనక పెట్టె కొనవద్దని నాన్నగారికి చెప్పు. కేబుల్ తీయించవద్దని మాత్రం నేను చెప్పను. సక్రమమైన దారులు ఉన్నవి.

దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో మొదలైంది. డిష్షూ పెట్టే ఒకసారి కొనుక్కుంటే నెలసరి చందా లేదు. మన సప్తగిరి, యాదగిరి ఛానళ్ళు అందులో వస్తవి. దానికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు.

పెద్ద తరగతుల పిల్లలకు, సైన్సు క్లబ్బు ఉన్న బడులకు ఇంకొక సరదా ఉన్నది. డిష్ నుంచి వచ్చే తీగను నేరుగా అందుకునే ట్యూనరు కార్డులు కంప్యూటరుకు దొరుకుతవి. టీవీహెడ్‌ఎండ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఆ కార్డుకు అందినదాన్ని ఇంటిలోని వలకు అందిస్తుంది. తక్కిన గదుల్లో కోడి గాని వీఎల్‌సీ గాని దాన్ని చూపుతుంది. పేకముక్కల కట్టంత రాస్‌ప్బెరీ పై కంప్యూటరు చాలు. పిల్లలు కంప్యూటరు విద్య నేర్చుకోవాలని ఇంగ్లండులో ఒక ధర్మసంస్థ 2012లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. షాతెనే-మలబ్రీ విద్యార్థులు చేసినదే మీరూ మీ ఇంట్లో చేసినట్టు! అయితే రహస్యలిపిలో పంపే ఛానళ్ళు అట్లా తెరుచుకోవు. వాటి తాళం తీయచూడటం మన పని కాదు.

కొన్ని ప్రసార సంస్థలు తమ ధారను తామే ఇంటర్నెట్‌లో ఉచితంగా వదులుతవి. అటువంటి ధార చిరునామా వారే ప్రకటిస్తే, వీఎల్‌సీలో మీడియా అనే పట్టీ కింద ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్ అన్నచోట దాన్ని వ్రాస్తే చాలు, బొమ్మ వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక లెక్క. ఇంటర్నెట్‌లో చూస్తే కేబుల్ బిల్లు పోతుంది గాని డేటా ఖర్చవుతుంది. సెకనుకు 50 లక్షల బిట్ల చొప్పున గంట చూస్తే 225 కోట్ల బైట్లు, అనగా రెండుంపావు గిగాబైట్లు అవుతుంది. రోజుకు మూడు గంటలు చూచే ఇంట్లో నెలకు 200 గిగాబైట్లు దాటుతుంది. మీరు తీసుకున్న ప్లాను ఎంత ఇస్తుందో చూచుకుని, ఆ తరవాతనే కేబుల్ మనిషికి కబురు పెట్టండి.

ఈ నెల పిల్లలకు లెక్క: ఇప్పటి హెచ్.డి. బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటవి. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు. మడత పెట్టకుండా పంపితే సెకనుకు ఎన్ని బిట్లు? దాన్ని సెకనుకు 50 లక్షల బిట్లలోకి ఇమడ్చాలంటే ఎన్నో వంతుకు తగ్గించాలి? జవాబు ఒక్కటే పంపకండి. లెక్క చేసిన తీరు కూడా చూపండి.